కారు లేని షెడ్డు

కామేశ్వరరావు చెడ్డవాడు కాదు. ఆ ముక్క ముందే చెప్పేస్తే తర్వాత తిట్టుకోవడానికి మనకి అడ్డం లేకుండా ఉంటుంది. ముప్పై తొమ్మిదేళ్ల మనిషి, ఫ్యాక్టరీలో నీళ్ల సరఫరా చూసే ఇంజనీరు. కింద ఇరవై మంది పనివాళ్లు. ఆఫీసులో గొంతెత్తాడంటే అవతలి షెడ్డులో ఫిట్టర్లు కూడా బీడీ పారేసేవారు. ఇంటి గేటు తీశాడో, ఆ గొంతు కాస్తా ఎటు పోయేదో తెలీదు. ఇంట్లో వాళ్లమ్మ అమ్మణ్ణిగారు ఉండేది. ఆవిడా చెడ్డ మనిషేం కాదు. మడి మనిషి, అంతే.

మియాపూర్ దగ్గర ఫ్యాక్టరీ వాళ్లు కొత్తగా కట్టిన క్వార్టర్లవి. చుట్టూ బండరాళ్లు, తుమ్మ చెట్లు, సీతాఫలం పొదలు. సాయంత్రం బస్సు తప్పిపోతే సిటీ నుంచి వచ్చే దారే లేదు. అయినా ఆఫీసర్ల ఇళ్లు కదా, ప్రతి ఇంటికీ వెనకాల ఒక కారు షెడ్డు కట్టించారు. ఇటుక గోడలు, పైన ఇనప రేకులు, ముందు రెండు రేకు తలుపులు. కామేశ్వరరావుకి షెడ్డుంది గానీ కారు లేదు. పేరు రాయించుకుని నాలుగేళ్లయింది. ఎప్పుడొస్తుందని అడిగితే డీలరు నవ్వేవాడు. ఈలోగా ఆ షెడ్డులో కొబ్బరి పీచు, పాత బకెట్లు, పుణ్యవతి తెచ్చుకున్న ఆవకాయ జాడీల అట్టపెట్టెలు కాపురం ఉండేవి. పుణ్యవతి ఆయన భార్య.

ఇలా ఉండగా డెబ్బై మూడో సంవత్సరం, ఉగాది వెళ్లిన వారానికి, కామేశ్వరరావు పైపులైను దారి చూసి రావడానికి స్కూటరేసుకుని కొండాపూర్ వైపు వెళ్లాడు. రాళ్ల మధ్య బండి ఆగిపోయింది. తన్నాడు, బతిమాలాడు, మళ్లీ తన్నాడు. లాభం లేక మిట్టమధ్యాహ్నం నెత్తిన గుడ్డయినా లేకుండా నడక మొదలుపెట్టాడు. తెలివైన ఇంజనీరు చేసే పనేనా అది? అరమైలు నడిచేసరికి కళ్లు బైర్లు కమ్మి ఓ బండ పక్కన కూలబడ్డాడు.

కళ్లు తెరిచేసరికి ఓ గుడిసెలో, నల్ల గొంగడి మీద ఉన్నాడు. నుదుటి మీద తడిగుడ్డ ఉంది. ఎదురుగా తలపాగా చుట్టుకున్న మనిషి ఒకడు బాసింపట్టు వేసుక్కూర్చుని ఆయన్నే చూస్తున్నాడు. గొర్లు కాసుకునే సాయిలు. పక్కన వాళ్లావిడ కిష్టమ్మ, చేతిలో మజ్జిగ ముంత.

"ఏంది సారూ, గింత ఎండల గట్ల వొస్తరా? పానం మీద తీపి లేదా?" అన్నాడు సాయిలు.

"ఊకోవయ్యా, మనిషి లేవనే లేదు, మాటలంటవు" అని మొగుణ్ని కసిరి, కిష్టమ్మ ముంత నోటికందించింది. "తాగు బిడ్డా. ఫికర్ చెయ్యకు. జరసేపయితె సల్లవడుతది."

కామేశ్వరరావు తాగాడు. వాళ్లమ్మ చూసి ఉంటే ఏమనేదో అన్న ఆలోచన కూడా రాలేదు, అంత దాహం. ఎండ తగ్గిందాకా అక్కడే పడుకున్నాడు. పడుకున్నవాడి పాదాల మీదికి మెత్తగా ఏదో ఎక్కింది. చూస్తే ఎర్రటి కుక్కపిల్ల, నెలది కూడా ఉండదు. రెండు పాదాల సందునా గడ్డం ఆనించి నిద్రపోయింది. అది లేస్తుందేమోనని ఆయన గంటసేపు కాలు కదపలేదు.

చిన్నప్పటి నుంచీ కుక్కపిల్లని పెంచుకోవాలని కామేశ్వరరావుకి ఒకటే కోరిక. రాజమండ్రిలో ఏడేళ్లప్పుడు ఒకదాన్ని చొక్కాలో దాచి తెస్తే, అమ్మణ్ణిగారు చొక్కాతో సహా కాలవ గట్టున వదిలిరమ్మంది. అప్పటి నుంచీ ఆ కోరిక మనసులోనే ఉండిపోయింది. ఇప్పుడు కాళ్ల మీద పడుకున్నదాన్ని చూసేసరికి సిగ్గు విడిచి అడిగేశాడు.

"సాయిలూ, దీన్ని నాకిస్తావా?"

సాయిలు వెంటనే సరే అనలేదు. పెళ్లాం మొహం చూశాడు. "పాలు మరవనీ సారూ. రెండు వారాలు పోయినంక రా" అన్నాడు.

రెండు వారాలకి వెళితే, కిష్టమ్మ దాని నుదుట పసుపూ కుంకం పెట్టి ఉంచింది. మల్లి అని పేరు కూడా పెట్టుకుంది. చేతికిస్తుంటే ఆవిడ కళ్లు చెమర్చాయి. సాయిలు దాని చెవులు నిమురుతూ, "సారూ, ఒక్క మాట. గిది గొర్లల్ల పుట్టింది. ఎప్పుడూ పక్కన ఎవలో ఒకలు ఊపిరి తియ్యాలె దీనికి. తిట్టినా పడుతది, కొట్టినా పడుతది. ఒక్కదాన్నే మూసిపెడితె మాత్రం బతుకది" అన్నాడు.

"అయ్యో, ఎంత మాట సాయిలూ! మా ఇంట్లో మనిషిలాగే చూసుకుంటాం. నువ్వెప్పుడైనా వచ్చి చూసుకో. మా ఇల్లు నీ ఇల్లే అనుకో."

గోదావరి వైపు ఈ మాట చెప్పుల్లో కాళ్లు పెడుతూ అంటారు. విన్నవాళ్లూ చెప్పుల్లో కాళ్లు పెడుతూనే వింటారు. అన్నవాళ్లు ఎదురు చూడరు, విన్నవాళ్లు రారు, ఎవరికీ బాధ లేదు. సాయిలుకి ఆ సంగతి ఎలా తెలుస్తుంది? ఆయన దాన్ని పిలుపే అనుకున్నాడు. తలపాగా సర్దుకుని, "వొస్త సారూ, తప్పకుంట వొస్త" అన్నాడు.

ఇంటికొచ్చాక జరగాల్సిందే జరిగింది. అమ్మణ్ణిగారు వీధి గుమ్మంలోనే నిలబడింది.

"ఏమిట్రా అది?"

"కుక్కపిల్లమ్మా."

"అది నాకూ కనపడుతూనే ఉంది. మనింటికెందుకొచ్చిందీ అంటున్నా."

"ఈ అడవిలో దొంగల భయం ఉంది కదమ్మా..."

"ఇదా దొంగల్ని పట్టేది? వాడొస్తే వాడి ఒళ్లోనే పడుకునేలా ఉంది. చూడు నాయనా, అది గడప లోపల కాలు పెట్టిందంటే నేను రాజమండ్రి రైలెక్కేస్తాను. పెరట్లోకి వదిలినా ఊరుకోను. నా మడిబట్టలు అక్కడే ఆరతాయి."

కామేశ్వరరావు కుక్కపిల్లని గుండెలకి హత్తుకుని అలాగే నిలబడ్డాడు. అంత లావు ఆఫీసరూ వెనక్కి తీసుకెళ్లనూ లేడు, లోపలికి తీసుకెళ్లనూ లేడు. ఆఖరికి పుణ్యవతే అంది: "షెడ్డు ఖాళీగానే ఉంది కదండీ."

అలా మల్లి కారు షెడ్డులో దిగింది. అట్టపెట్టెలు ఓ మూలకి జరిపి, పాత గోనె పరిచారు. ఎదురింటి పార్థసారథిగారు వచ్చి చూసి, "దీనికేమండీ, బంగళా! సిటీలో మనుషులకే ఇంత చోటు లేదు" అన్నాడు. కామేశ్వరరావు ఆ మాట పట్టుకుని వేలాడాడు. నిజమే కదా, నీడ ఉంది, గోడలున్నాయి, వేళకి పెరుగన్నం పెడుతున్నాం, ఇంకేం కావాలి దానికి అని రోజుకి నాలుగుసార్లు తనకి తాను చెప్పుకునేవాడు. తప్పు లేని పనైతే అన్నిసార్లు చెప్పుకోవాల్సిన అవసరం ఏమిటో మాత్రం ఆలోచించలేదు.

పగలంతా తలుపు బిగించే ఉండేది. తెరిస్తే పెరట్లోకి పోతుంది కదా. సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే ఆయన బకెట్టు బోర్లించుకుని షెడ్డులో కూర్చునేవాడు. అది వొళ్లంతా ఊపుకుంటూ, ఏడుస్తూ, ఆయన బొటనవేలు నాకుతూ, మళ్లీ ఏడుస్తూ ఉండేది. గంట గడిచాక తలస్నానం చేసి ఇంట్లోకి వెళ్లేవాడు. మూడు వారాల్లో కామేశ్వరరావుకి జలుబు పట్టింది, మల్లికి డొక్కలు తేలాయి. "తిండి ముట్టట్లేదండీ" అని పుణ్యవతి రెండుసార్లు చెప్పింది. "అలవాటు పడుతుందిలే" అన్నాడు.

ఓ రోజు రోడ్డు మీద సాయిలు మంద తోలుకుంటూ ఎదురయ్యాడు. స్కూటరు ఆపకుండా పోదామనుకున్నాడు గానీ గొర్లు దారి ఇవ్వలేదు.

"మల్లి ఎట్లున్నది సారూ?"

"మహారాణిలా ఉంది. మా మంచం కిందే పడుకుంటుంది" అన్నాడు కామేశ్వరరావు. అడిగినదానికంటే ఎక్కువే చెప్పాడు. అబద్ధంలో అదొక సుఖం, ఖర్చు లేదు కదా.

సాయిలు మొహం ఇంతయింది. "కిష్టమ్మకు జెప్త సారూ. రోజూ యాది చేస్తది. పని తీరినంక వొచ్చి సూసిపోత."

రాడులే అనుకుని కామేశ్వరరావు కిక్కు కొట్టాడు.

వైశాఖ బహుళంలో కామేశ్వరరావు తండ్రి ఆబ్దికం వచ్చింది. కామేశ్వరరావు పిల్లలిద్దరూ మల్లి రాకముందు నుంచే వేసవి సెలవులకి అమ్మమ్మగారింట్లో ఉన్నారు. సికింద్రాబాదు నుంచి సుబ్రహ్మణ్యంగారు మంత్రం చెప్పడానికీ, ఆయనతో పాటు మరిద్దరు భోక్తలుగానూ వస్తారు. తద్దినం నాడు కుక్క చూపు వంట మీద పడకూడదు. కుక్క అరుపు వినపడితే భోక్తలు చెయ్యి కడిగేసుకుంటారు, పితృదేవతలు ఆకలితో లేచిపోతారు. అమ్మణ్ణిగారు వారం ముందు నుంచీ ఈ మాటే చెబుతోంది. "దాన్ని ఆ పూటకి ఎక్కడైనా వదిలెయ్యి నాయనా. మీ నాన్నగారికి ఏడాదికి ఒక్క పూట అన్నం."

పార్థసారథిగారింట్లో దింపుతానని కామేశ్వరరావు మాటిచ్చాడు. ఆయనా సరేనన్నాడు. తీరా ఆ పొద్దున ఏడింటికి వెళ్లి చూస్తే ఎదురింటికి తాళం. వాళ్ల బావమరిదికి బాగోలేదని ఫస్టు బస్సుకే సిటీ వెళ్లారట. ఇక్కడ చెయ్యగలిగినవి ఎన్ని లేవు! ఫ్యాక్టరీ గేటు కాపలాదారుకి అప్పజెప్పొచ్చు, స్కూటరు మీద సాయిలు గుడిసె దాకా వెళ్లి ఓ పూట ఉంచమనొచ్చు. కానీ సాయిలు చేతికిస్తే దాని డొక్కలు కనపడతాయి. అందుకని తన్నుకుంటున్న పిల్లని షెడ్డులోకే తోసి, మూకుడు నిండా నీళ్లు పెట్టి, తలుపులు మూసి తాళం వేశాడు. లోపలికొచ్చి, "దింపేశానమ్మా" అన్నాడు. సంగతి తెలిసిన పుణ్యవతి ఆయన మొహం చూసి, చూపు తిప్పుకుని గారెల పప్పు రుబ్బుకుంది.

పదింటికల్లా రేకులు కాలిపోతున్నాయి. సీమ ఎండలంటారు గానీ మియాపూర్ బండల మధ్య మే నెల ఎండ ఏం తక్కువ తినలేదు. హోమం ముగిసింది. పన్నెండు దాటాక భోక్తలకి విస్తళ్లు వేశారు. వాళ్లు తింటున్నప్పుడు ఇల్లంతా నిశ్శబ్దంగా ఉండాలి. సరిగ్గా అప్పుడు మొదలెట్టింది మల్లి. ముందు కుయ్ కుయ్ మంది, తర్వాత తలుపుని గోళ్లతో గీరింది, ఆ తర్వాత ఎవరో పీక నులుముతున్నట్టు ఒకటే ఏడుపు.

పెద్ద భోక్త చెయ్యి విస్తట్లో ఆగిపోయింది. సుబ్రహ్మణ్యంగారు తలెత్తాడు. "కుక్కలా ఉందే?"

"వీధిలోదండి" అన్నాడు కామేశ్వరరావు.

"దగ్గర్లోనే ఉన్నట్టుంది."

"గేటు బయటండి. ఈ వైపు ఊరకుక్కలు ఎక్కువ."

తడి పంచె ఒంటికి అంటుకుపోయి, వేలికి దర్భ ఉంగరంతో కూర్చున్నవాడు లేవకూడదు. లేవకూడదు కాబట్టి లేవలేదని తర్వాత ఎన్నోసార్లు చెప్పుకున్నాడు. లోపల్లోపల ఒకటే ప్రార్థన: ఆగు తల్లీ, ఇంకో గంట, ఊరుకో, నోరు ముయ్యి. కాసేపటికి ఏడుపు సన్నబడింది. మూలుగైంది. ఆపైన అదీ ఆగింది. భోక్త మళ్లీ గారె తుంచాడు.

హమ్మయ్య అనుకున్నాడు కామేశ్వరరావు. ఎందుకు ఊరుకుందని ఆలోచన రాలేదా అంటే వచ్చింది. వచ్చినా హమ్మయ్యే అనుకున్నాడు. ఈ ఒక్క సంగతీ ఆయన ఆ తర్వాత ఎవరికీ చెప్పలేదు, పుణ్యవతితో కూడా.

భోక్తలు లేచి తాంబూలాలు పుచ్చుకుంటుండగా గేటు దగ్గర పిలుపు వినపడింది.

"సారూ! ఓ సారూ!"

సాయిలు. తలపాగా కొత్తది. ఒక చేతిలో మూతకి గుడ్డ కట్టిన గొర్రె పాల చెంబు, భుజాన నీళ్ల సొరకాయ బుర్ర. చుట్టపుచూపుకి వచ్చిన మనిషిలా నవ్వుతూ నిలబడ్డాడు. పుణ్యవతి గబగబా వసారా దాకా వెళ్లింది.

"ఇప్పుడు లోపల తద్దినం జరుగుతోంది. ఆయన రారు. మీరు కాసేపు..."

"అయ్యో, గట్లనా అమ్మా! తెల్వక వొచ్చిన. నేను గీ యాపచెట్టు కింద కూసుంట, మీ పని కానియ్యండ్రి. మల్లిని ఒక్కసారి సూసి పోత."

ఆ గొంతు విన్నదేమో, షెడ్డులోంచి చిన్న ఏడుపు లేచింది. దారంలా సన్నగా, మధ్యమధ్య తెగుతూ. సాయిలు చెవి అటు తిరిగింది.

"గది మల్లి గద? ఆ షెడ్డుల కెళ్లి వొస్తున్నది?"

వసారాలో అందరూ విన్నారు. అమ్మణ్ణిగారు మడిచీరతో వంటింటి గుమ్మంలోకి వచ్చింది. ఎప్పుడూ గట్టిగా మాట్లాడే ఆవిడ ఇప్పుడు మెల్లగా అడిగింది: "ఒరే కామేశం, పార్థసారథి ఇంట్లో దింపానన్నావు?"

ఇంకా పిండాలు పెట్టలేదు. ఈ మాట ఒప్పుకుంటే తద్దినం చెడుతుంది. వాళ్లమ్మ పొద్దుటి నుంచీ మంచినీళ్లయినా ముట్టకుండా వండింది. కామేశ్వరరావు గేటు వైపు చూశాడు. సాయిలు ఆయన్నే చూస్తున్నాడు, జవాబు కోసం.

"అవునమ్మా. అక్కడే ఉంది. ఇది వేరే కుక్క" అన్నాడు కామేశ్వరరావు.

మందలో ఏ గొర్రెపిల్ల ఏ తల్లిదో అరుపు విని చెప్పగల మనిషి సాయిలు. తన చేతుల్లో పెంచిన పిల్ల గొంతు గుర్తుపట్టడా? గట్టిగా ఒక్క మాటంటే చాలు, కామేశ్వరరావు బండారం బయటపడేది. సాయిలు ఆయన్ని చూశాడు, గుమ్మంలో నిలబడ్డ ముసలితల్లిని చూశాడు. కొడుకుని తల్లి ముందు చిన్నబుచ్చడం ఇష్టం లేకపోయింది కాబోలు. "గట్లనే ఉండొచ్చు సారూ. ముసలోణ్ని, నాకే సరిగ్గ ఇనవడలే" అన్నాడు.

ఆ క్షణంలో భూమి విచ్చుకుంటే బాగుండునని కామేశ్వరరావుకి అనిపించింది. భూమి విచ్చుకోలేదు. సుబ్రహ్మణ్యంగారు మంత్రం అందుకున్నాడు.

పిండప్రదానం అయ్యాక, కాకికి పెట్టడానికి పిండం పట్టుకుని పెరటి గోడ దగ్గరికి వచ్చిన కామేశ్వరరావు కాళ్లు ఆగిపోయాయి. సాయిలు వేపచెట్టు కింద లేడు. షెడ్డు ముందు, కాలిపోతున్న నేల మీద బోర్లా పడుకుని ఉన్నాడు. తలుపు కింద నాలుగు వేళ్ల సందుంది. కొత్త తలపాగా విప్పి, సొరకాయ బుర్రలో నీళ్లతో తడిపి, ఆ సందులోంచి లోపలికి తోస్తున్నాడు. తోస్తూ నోటితో చిన్నగా ట్ర్ ట్ర్ మని, గొర్రెపిల్లల్ని పిలిచినట్టు పిలుస్తున్నాడు. చెంబులో పాలు కూడా ఆ సందులోకే ఒంపుతున్నాడు.

ఇద్దరి చూపులూ కలిశాయి. పిండం చేతిలో ఉంది కాబట్టి కామేశ్వరరావు మాట్లాడలేదు. వెనక నుంచి అమ్మణ్ణిగారి గొంతు: "కాకి వచ్చిందా నాయనా? అక్కడెవరు, గేటు దగ్గరి మనిషా? కాస్త దూరంగా వెళ్లమను, మనిషి ఉంటే కాకి వాలదు."

ఆయన నోరు తెరిచేలోపే సాయిలు మోచేతుల మీద లేచాడు. చర్మం కమిలి ఎర్రగా ఉంది. "పోతున్న సారూ. మీ నాయినది, ముందు అది కానియ్" అని, గోడ దాటి అవతల ఎండలో నిలబడ్డాడు. నిమిషంలో కాకి వాలింది, పిండం ముట్టింది. "తిన్నార్రా, మీ నాన్నగారు తృప్తిగా తిన్నారు" అని అమ్మణ్ణిగారు కళ్లొత్తుకుంది.

ఆ తర్వాత ఇంటివాళ్లు తినాలి. శేషం తినకుండా లేవకూడదు. కామేశ్వరరావు తిన్నాడు. వాళ్లమ్మ నెయ్యి వేస్తే వద్దనలేదు, ఇంకో గారె వేస్తే వద్దనలేదు. ఏం తిన్నాడో తెలీదు. మూడు కావస్తుండగా ఆవిడ గదిలోకి వెళ్లి చాప మీద నడుం వాల్చాక, తాళంచెవి పట్టుకుని పరిగెత్తాడు.

తలుపు తీస్తే లోపలి నుంచి కొలిమి సెగ. మల్లి తలుపు వారనే పడుంది, తడి తలపాగాలో మూతి దూర్చుకుని. గోళ్ల దగ్గర రక్తం. మూకుడు బోర్లా పడి ఎండిపోయి ఉంది. ఆయన వంగేలోపు సాయిలు వచ్చి ఎత్తుకున్నాడు. నోట్లో వేలు పెట్టి చూశాడు, గుండె మీద చెవి పెట్టాడు, మిగిలిన పాలు చేత్తో నాకించాడు. రెండు గుటకలేసింది. తోక ఒకసారి కదిలింది.

"ఉన్నది సారూ. పానం ఉన్నది" అన్నాడు.

"తప్పయిపోయింది సాయిలూ" అన్నాడు కామేశ్వరరావు. "పార్థసారథిగారు ఉంటారనుకున్నాను. ఇవాళొక్క రోజే... రోజూ ఇలా కాదు..."

సాయిలు దాని డొక్కల మీద వేళ్లు నడిపించాడు. ఒక్కో ఎముకనీ తడిమాడు. రోజూ ఎలాగో ఆ వేళ్లకే తెలిసిపోయింది. అయినా తిట్టలేదు. "తీస్కపోత సారూ. ఏమనుకోకు" అన్నాడు, తనే ఏదో అడగకూడనిది అడిగినట్టు. తిట్టి ఉంటే కామేశ్వరరావు బతికిపోయేవాడు.

అప్పుడు పుణ్యవతి వచ్చింది, కొంగు చాటున విస్తరి పట్టుకుని. గారెలు, పరమాన్నం, పప్పు, అన్నం. ఆవిడ కళ్లు ఎర్రగా ఉన్నాయి. తద్దినం వంట వేరే గోత్రం వాళ్లకి పెట్టకూడదు, అత్తగారికి తెలిస్తే కొంప మునుగుతుంది. అయినా తెచ్చింది, పాపం. మొగుడి చెవిలో, "వచ్చిన దగ్గర్నుంచీ ఎండలోనే ఉన్నాడండీ ఆయన. తిని వెళ్లమనండి. లోపల కుదరదు, ఇక్కడే, షెడ్డులో" అని విస్తరి ఆయన చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

కామేశ్వరరావు అట్టపెట్టె బోర్లించి, గోనె దులిపి పరిచాడు. మల్లి పడుకున్న గోనే. మంచి పని చేస్తున్నానన్న ఆత్రంలో అది తట్టలేదు. "రా సాయిలూ, ఇక్కడ కూర్చో. నీడగా ఉంటుంది" అన్నాడు.

సాయిలు గుమ్మంలో నిలబడి లోపలికి చూశాడు. రేకులు, గోళ్ల గీతలు, మూకుడు, గోనె. తర్వాత ఇంటి వైపు చూశాడు. ఇరవై అడుగుల దూరంలో వసారా, ఎర్రటి గచ్చు, చల్లగా. ఆయన మొహంలో కోపం లేదు. అర్థం కాని సంగతి అడిగి తెలుసుకునే మనిషిలా అడిగాడు: "సారూ, కుక్క గడప దాటితె మీకు మైల గద. నేను దాటితె సుత మైలనేనా?"

కాదు, రా లోపలికి. అంతే, మూడు మాటలు. కామేశ్వరరావు నోటి దాకా వచ్చాయి కూడా. వసారా అవతల చాప మీద వాళ్లమ్మ దగ్గు వినపడింది. ఆ మూడు మాటలూ మళ్లీ లోపలికే పోయాయి.

"చల్లారిపోతోంది సాయిలూ, తిను" అన్నాడు.

సాయిలు తలూపాడు, జవాబు దొరికినట్టు. విస్తరి తీసుకుని షెడ్డులోకి మాత్రం రాలేదు. బయటే, ఎండలోనే, తలుపు పక్కన నేల మీద కూర్చున్నాడు. ఒళ్లో మల్లి. పెట్టిన అన్నం కాదనకూడదని కాబోలు, ఒక గారె తుంచి నోటి దాకా తీసుకెళ్లాడు. కామేశ్వరరావు షెడ్డులో గోనె పక్కన ఒక్కడే నిలబడి ఉన్నాడు.

సరిగ్గా అప్పుడు గదిలోంచి అమ్మణ్ణిగారు కేకేసింది. "కామేశం! వెనకాల మాటలు వినపడుతున్నాయి. షెడ్డు దగ్గర ఎవర్రా?"

"ఎవరూ లేరమ్మా!" అన్నాడు కామేశ్వరరావు.

ఆలోచించి అన్న మాట కాదు. ముప్పై తొమ్మిదేళ్ల అలవాటు అంది. అనేశాక తన గొంతు తనకే వినపడింది. బయట సాయిలు చెయ్యి నోటి దగ్గర ఆగిపోయి ఉంది. ఆయన ఆ గారె ముక్కని తినలేదు, మల్లి మూతి దగ్గర పెట్టాడు. అది నాకి వదిలేసింది. అప్పుడు విస్తరి నాలుగు వైపులా మడిచి, ఒక్క మెతుకు కింద పడకుండా తలుపు వారన పెట్టాడు. తడి తలపాగాలో మల్లిని చుట్టి భుజాన వేసుకుని లేచాడు.

"సాయిలూ" అన్నాడు కామేశ్వరరావు. అమ్మకి వినపడకుండా అన్నాడు. అంత మెల్లగా అంటే సాయిలుకి మాత్రం ఎలా వినపడుతుంది? ఆయన గేటు తీసుకుని, చప్పుడు కాకుండా మళ్లీ వేసి, కొండాపూర్ దారి పట్టాడు.